మేక చెవిలో పోసిన పోత

మా ఇంట్లో హాస్యం తల ఎత్తకుండా జరిగేది. నాయన కుంపటి ముందు కూర్చుని, నోట్లోంచి ఊదుగొట్టం తీసి, పనిమీంచి చూపు తిప్పకుండా, పక్కనున్నవాడికి మాత్రమే వినపడేంత గొంతుతో ఒక మాట అనేవాడు. ఆ పక్కనున్నవాణ్ణి నేను. నేనూ అంతే గొంతుతో ఒకటి తిరిగి అనేవాణ్ణి. ఆయన భుజాలు కొంచెం కదిలేవి. అదే ఆయన నవ్వు. ఎదురుగా కూర్చున్న గిరాకీ మేమేదో కొలతలు మాట్లాడుకుంటున్నామనుకునేవాడు. చాలాసార్లు మేం కొలుస్తున్నది అతన్నే.

చిత్తూరు బజారువీధిలో మాది కంసాలి ఇల్లు. ముందుగది అంగడి, వెనకగది సంసారం. నాయన బంగారం కన్నా వెండి ఎక్కువ చేసేవాడు. వెండిలోనూ ఆడపిల్లల కాళ్ళకు వేసే మువ్వల గొలుసులు. మువ్వ చేయడం పెద్ద విద్యేం కాదని ఆయనే అనేవాడు. రెండు చిప్పలు, లోపల ఒక గింజ, కింద ఒక చీలిక. అసలు పని ఆ తరువాత. ఒక్కొక్క మువ్వనూ చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు. పలుకు నచ్చకపోతే చీలికను కొంచెం పెంచేవాడు, లేదా గింజ మార్చేవాడు, మళ్ళీ ఆడించేవాడు. జతలో ఉన్న మువ్వలన్నీ ఒకే గొంతుతో పలికేదాకా వదిలేవాడు కాదు.

"వీధిలో ఇద్దరాడోళ్ళ చేత ఒకే మాట మాట్లాడించడం నా చేత గాదు గానీ, ఇరవై మువ్వల చేత మాట్లాడిస్తా" అనేవాడు, చిన్న గొంతుతో. వెనకగదిలో అమ్మకు వినపడకూడదు కదా.

నేను తిరుపతి కాలేజీలో జంతుశాస్త్రం చదవడానికి పోయాను. విద్య కోసం తపించిపోయి కులవృత్తి వదిలాననుకోకండి. కుంపటి ముందు కూర్చుంటే నాకు నిద్ర వచ్చేది. ఒకసారి ఆ నిద్రలో ఎవరిదో ముక్కుపుడక మీదికి ఒరిగాను. అది మళ్ళీ ముక్కుపుడక కాలేదు. "వీడు సదువుకుంటేనే మన వృత్తికి మంచిది" అని నాయన తీర్మానించాడు. వారానికోసారి చిన్న లైను రైలెక్కి, పాకాల మీదుగా ఇంటికి వచ్చేవాణ్ణి. చదువు మీద బెంగ ఎప్పుడూ లేదు. బెంగంతా ఆ కుంపటి పక్కనున్న పీట మీదే. వారమంతా పోగుచేసిన మాటలు మూటగట్టుకుని వచ్చి, ఆ పీట మీద కూర్చుని ఒక్కొక్కటే వదిలేవాణ్ణి.

రెండో సంవత్సరంలో ఒక ఆదివారం నేను ఒక మాట వదిలాను. ఆయన భుజాలు కదల్లేదు.

మాట బాగాలేదేమో అనుకున్నాను. వారమంతా దాన్ని సానబెట్టి, అనవసరమైన ముక్కలు కోసేసి, మరుసటి ఆదివారం మళ్ళీ వదిలాను. భుజాలు కదల్లేదు. మూడో వారం ఇంకో కొత్తదానితో వెళ్ళాను. నాయన తల ఎత్తి, నా నోటి వైపు చూసి, పెద్దగా నవ్వాడు. నేనింకా మాట పూర్తి చేయలేదు.

మర్యాదకు నవ్విన నవ్వు అంతకు ముందు మా ఇద్దరి మధ్య ఎప్పుడూ లేదు. మా తిట్లు నిజమైనవి, మా నవ్వులు నిజమైనవి. ఆ నవ్వు మాత్రం పెండ్లికి పోయినప్పుడు తెలియనివాళ్ళకిచ్చే రకం. నాకు హాస్యం చేతకాకుండా పోతోందని ఆ రాత్రి రైల్లో నిజంగానే దిగులుపడ్డాను. అసలు సంగతి తట్టనే లేదు. హాస్యగాడికి లోకంలో ఏది చెడినా తన మాటే చెడిందనిపిస్తుంది.

నాయనకేమో చెడింది వెండి. యుద్ధం వచ్చాక రూపాయిలో వెండి తగ్గించారు. బండమీద వేస్తే మునుపటి మోత లేదు. బజారంతా అంటున్న మాటే అది, నిజమే కూడా. ఎవరు గొలుసులు చేయించుకోవడానికి ఏ వెండి తెచ్చినా నాయన మువ్వ చేసి, చెవి దగ్గర ఆడించి, పెదవి విరిచేవాడు.

"ఈ యుద్ధం వెండిలో పలుకు లేదురా. మూగెండి."

అందుకని గింజ పెద్దది వేయడం మొదలుపెట్టాడు. చీలిక వెడల్పు చేశాడు. అది చాలక మువ్వనే పెద్దది చేశాడు. ఒక ఆదివారం బంగారుపాళ్యం నుంచి మామిడితోట రైతు ఒకాయన గొలుసులు గుడ్డలో చుట్టి పట్టుకొచ్చి, కుంపటి ముందు విప్పాడు.

"ఆచారీ, బిడ్డకు గొలుసులు చేయమన్న్యానా, ఎద్దుకు గంటలు చేయమన్న్యానా?"

నాయన నా వైపు చూశాడు. ఆ మాటే నేను గట్టిగా చెప్పాను. ఆయన తల ఊపి, "వెండి అట్లాంటిదప్పా, అందుకే గింజ పెద్దది ఏసినా" అన్నాడు.

"వెండికేం? మా అమ్మ కడియాలు కరిగిచ్చి ఇచ్చినా గదా. యుద్ధానికి ముందరి వెండి. ఇప్పుడు బిడ్డ నడస్తా ఉంటే తోటలో కుక్కలు లేస్తా ఉండాయి. దొంగల బాధ లేదనుకో. కాపలావాణ్ణి తీసేసినా."

ఆ గొలుసుల్లో ఒకటి తీసుకుని నేను ఆడించాను. బండి గంట మోగినట్టు మోగింది. నాయన ఇంకొకటి తీసుకుని, చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని ఆడించాడు. "ఏమో అప్పా, నాకైతే ఇంకా మెత్తగానే ఉండాది" అన్నాడు. రైతు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అయినా అప్పటికీ నేను వెండినే అనుమానించాను. కడియాలు కరిగించేటప్పుడు ఏదో కలిసి ఉంటుందనుకున్నాను. నాయన చెవి తప్పు చెబుతుందనుకోవడం కన్నా తక్కెడ తప్పు చెబుతుందనుకోవడమే మా వీధిలో సులువు.

అసలు సంగతి తెలిసింది తిరుపతిలో, తరగతి గదిలో.

మా లెక్చరర్ మదరాసు నుంచి వచ్చినాయన. సుద్దముక్క మీద తప్ప ఏ పదార్థం మీదా మమకారం లేని మనిషి. ఆ రోజు నల్లబల్ల మీద వరసగా చెవులు గీశాడు. చేప, కప్ప, బల్లి, కోడి, ఆస్ట్రేలియాలో గుడ్లు పెట్టి పాలిచ్చే ఒక విచిత్ర జంతువు, చివర మేక. బయటి దొప్పలు కావు, పుర్రె లోపల దాక్కున్నవి. అన్నిటికీ మూడేసి వలయాలు ఉన్నాయి. అవి వినడానికి కాదట, తూలిపోకుండా నిలబడడానికట. చెవి పుట్టిందే నిలబడడానికి, వినడం తరువాత నేర్చుకుందన్నాడు. ఆ వలయాల కింద ఒక సంచి. ఆ సంచి నుంచి బల్లిలో చిన్న మొలక వచ్చింది. కోడిలో ఆ మొలక పొడుగై కొంచెం వంగింది. గుడ్లుపెట్టే జంతువులో ఇంకొంచెం వంగింది. పాలిచ్చే మిగతా జంతువుల్లో అది పెరిగి పెరిగి, పుర్రెలో చోటు చాలక నత్తగుల్లలాగా చుట్టుకుంది. మేకకు రెండున్నర చుట్లు. మనిషికీ అంతే, ఇంకో పిసరు ఎక్కువ.

"చిన్న ఇల్లు, పెద్ద సంసారం సార్" అన్నాను. తరగతి నవ్వింది. తిరుపతిలో నా మాటలు ఇంకా చెల్లుతున్నాయి.

ఆయన నవ్వలేదు. "సన్నటి శబ్దం ఈ చుట్టు మొదట్లోనే తగులుతుంది. లావు శబ్దం లోపలి చివరిదాకా పోతుంది. రైలు బాయిలర్ల మీద సుత్తి కొట్టేవాళ్ళను చూడండి, రోజూ మోత పడి పడి మొదట పాడయ్యేది ఈ మొదటి చుట్టే. వాళ్ళకు మనిషి గొంతు వినపడుతుంది, మాట తెలియదు. పక్షి కూత, చిన్న గంట, గుసగుస, ఇవి ముందు పోతాయి."

ఇక్కడ నా గుండె ఆగిపోయిందని రాయచ్చు. ఆగలేదు. తరగతి అయ్యాక హాస్టల్లో భోజనం కూడా చేశాను. కాకపోతే ఏం తిన్నానో గుర్తులేదు. బాయిలర్ కాకపోయినా నాయనదీ ముప్పై ఏళ్ళు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, చిన్న గదిలో, దాగలి మీద సుత్తి. మెత్తబడింది వెండి కాదు. నా మాటలూ కాదు. మధ్యాహ్నం వెళ్ళి లెక్చరర్ని అడిగాను.

"ఆ మొదటి చుట్టు పాడైతే మళ్ళీ బాగవుతుందా సార్?"

"మేకకా, మనిషికా?"

"ఎవరికైనా."

"తెలిసినంత వరకూ కాదు" అన్నాడు. ఎందుకడిగానని అడగలేదు. మమకారం లేని మనుషుల్లో ఆ సుఖం ఉంది.

చెప్పాలి. ఎట్లా చెప్పాలి? నాయనా, నీకు చెవుడు అని మెల్లగా చెబితే ఆయనకు వినపడదు. గట్టిగా చెబితే బజారువీధికంతా వినపడుతుంది. మువ్వలు చేసే కంసాలికి చెవుడని వీధికి తెలిస్తే, వంటవాడికి నాలుక పోయిందన్నట్టే. అట్లా కొట్టుమిట్టాడుతూ ఉండగా లెక్చరర్ ఇంకోమాట అన్నాడు. పూర్వం ఎవరో మేక చెవి లోపలి గుల్లలో కరిగిన లోహం పోసి, ఎముకను ఆసిడ్‌లో కరగబెట్టి, అచ్చు తీశారట. మన కొత్త కాలేజీలో అట్లాంటివి లేవు, యుద్ధం వల్ల తెప్పించడం కుదరదు అన్నాడు.

"మా నాయన పోస్తాడు సార్" అన్నాను. ధైర్యం లేనివాడు మేకను అడ్డం పెట్టుకున్నాడు.

చిత్తూరులో మాంసం అంగడివాడు నన్ను చూసి కత్తి ఆపాడు. మాది మాంసం ముట్టని ఇల్లు. "ఏం చిన్నాచారీ, మీరు గూడా మొదలుపెట్టినారా?"

"తినడానికి కాదప్పా. చెవి లోపలి ఎముక కావాలి."

"సెవిలో ఎముక యాడుంటాది? సెవులు కావాలంటే సెవులు తీస్కో. ఎముకల సంగతైతే పుత్తూరు పో, కట్టు కడతారు."

చివరికి మూడు తలకాయలు ఇచ్చాడు. వాటిని ఉడకబెట్టి, పగలగొట్టి, ఆరబెట్టడం కాలేజీలో జరిగింది. దాన్ని వర్ణించను. హాస్టల్ వంటమనిషి నాతో వారం మాట్లాడలేదని మాత్రం చెబుతాను. చివరికి మిగిలినవి ఆరు ఎముకలు, గులకరాళ్ళంత, గులకరాళ్ళంత గట్టివి. వాటిని, లెక్చరర్ ఇచ్చిన ఆసిడ్ సీసాను, సీసం, తగరంతో కలిపితే సలసల కాగే నీళ్ళలోనే కరిగిపోయే ఒక లోహపు ముక్కను జేబుల్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

ఒక ఎముకను నాయన అరచేతిలో పెట్టాను. ఆయన గోటితో గీశాడు, వాసన చూశాడు, భూతద్దం పెట్టుకున్నాడు. తన పాత చిన్న గొంతుతో అడిగాడు.

"మేకదా, పొట్టేలుదా?"

ఆయన గుసగుస నాకు వినపడుతుంది. నాది ఆయనకు వినపడదు. ఒక వైపే నడిచే రైలు. గొంతెత్తక తప్పలేదు.

"మేకది!"

వెనకగదిలో గిన్నె చప్పుడు ఆగింది. "ఏం మేక? ఎవురి మేక?" అంటూ అమ్మ గడప దగ్గరికి వచ్చింది. నాయన చేతిలోది చూసింది. గట్టు మీద ఇంకో అయిదు చూసింది.

"కాలేజీ సామాను" అన్నాడు నాయన. "సర్కారుది."

సర్కారు అనేసరికి అమ్మ కాస్త తగ్గింది. "సర్కారు అయితే? కుంపటి సర్కారుది గాదు గదా." లోపలికి వెళ్ళి పసుపు నీళ్ళు తెచ్చి కుంపటి మీద, నాయన మీద, నా మీద, చివరికి మేక మీద కూడా చల్లింది. పని అయినాక ఇద్దరూ స్నానం చేయకుండా గడప దాటకూడదని ఆజ్ఞ.

ఎముకలో రెండు చిన్న రంధ్రాలుంటాయి. నాయన వాటిని సూదితో తడిమి చాలాసేపు చూశాడు. "ఒకటి పోత నోరు, ఒకటి గాలి నోరు" అన్నాడు. "గాలి పోయేదానికి దావ లేకుంటే పోత నిండదు. ఎవురు చేసినారో గానీ పనోడే." మా పుస్తకంలో ఆ రెండు రంధ్రాలకు కిటికీలని పేరుపెట్టి నాలుగు పేజీలు రాశారు. పనోడన్న మాట అందులో లేదు.

మొదటి ఎముకలో లోహం నోట్లోనే గడ్డకట్టింది. రెండోదాంట్లో వలయాలు వచ్చాయి, చుట్టు రాలేదు. మూడోదాన్ని నాయన ముందుగా వేడి ఇసుకలో పూడ్చిపెట్టాడు. పోసేటప్పుడు చేతి వేలితో ఎముకను టకటక తట్టాడు. దాన్ని ఆసిడ్ గిన్నెలో వేసి అంగడి వెనక పెట్టి నేను తిరుపతి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి ఎముక కరిగిపోయి, అడుగున శనగగింజంత వస్తువు మెరుస్తోంది. మూడు సన్నటి వలయాలు, వాటి కింద బిగువుగా రెండున్నర చుట్లు.

"ముక్కుపుడకకు బాగుంటాది" అంది అమ్మ, మేక సంగతి మరిచిపోయి.

నాయన దాన్ని పటకారుతో ఎత్తి, భూతద్దంలో తిప్పి తిప్పి చూశాడు. ఆయన ముఖంలో అంత ఇష్టం నేను బంగారం చూసినప్పుడు కూడా చూడలేదు.

"తీగ చుట్టినట్టుండాది. మొదట్లో లావు, పోనుపోను సన్నం. దీంట్లోనే యినేది?"

తల ఊపాను.

"సన్న పలుకు ఈ సన్న చివరన తగుల్తాదా?"

కాదన్నాను. సూది తీసుకుని, చుట్టు మొదట్లో, లావుగా ఉన్నచోట పెట్టాను.

"ఈడ్నా? నోట్లోనే?"

"ఆ."

"లావు మోత?"

సూదిని చుట్టు వెంట లోపలికంటా తీసుకుపోయి చూపించాను.

ఆయన సూది నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ చుట్టు మొదట్లో ఆనించాడు. బయట వీధిలో బండి పోయింది. "అంటే, లావుదైనా సన్నదైనా ఈ నోరు దాటే పోవాల" అన్నాడు నింపాదిగా. "పోతలో గూడా అంతే. ముందు అరిగేది నోరే." దాగలి వైపు చూశాడు. పక్కనున్న సుత్తి వైపు చూశాడు. తరువాత, బంగారుపాళ్యం రైతు వదిలిపెట్టి పోయిన గొలుసులు అందుకుని, ఒక మువ్వను చెవి దగ్గర పెట్టి ఆడించాడు. కింద పెట్టాడు.

"అయితే వెండి మంచిదే."

అంతే అన్నాడు. నేను చెప్పాల్సింది ఆయనే చెప్పేశాడు. నేను వారాల తరబడి సిద్ధం చేసుకున్న మాటలన్నీ జేబులోనే ఉండిపోయాయి. ఆయన తూలలేదు. మూడు వలయాలూ బాగానే పనిచేస్తున్నాయి.

మరుసటి వారం ఆ రైతు గొలుసులు మళ్ళీ చేశాడు, చిన్న మువ్వలతో. ఒక్కొక్కటీ నా చెవి దగ్గర ఆడించి, నా ముఖం చూసేవాడు. ఇరవై మువ్వలూ నాకు ఒకే రకంగా మోగాయి. నాకున్నవి వినే చెవులే గానీ తెలిసిన చెవులు కావు. రెండింటికి ఊరికే తల ఊపాను. "నీ మొగంలో పలుకు లేదు, అబద్ధం" అని పట్టేశాడు. కాసేపు ఆలోచించి, మువ్వను ముందుపళ్ళ మధ్య పట్టుకుని గోటితో మీటాడు. ఇంకోసారి మీటాడు. కళ్ళు చిన్నవయ్యాయి. గింజ ఎట్లా ఎగురుతోందో, చిప్పకు ఎక్కడ తగులుతోందో పంటికి తెలుస్తోందట.

"పలుకు యినపడదు. కానీ ఉండాదని తెలస్తా ఉండాది."

"కాళ్ళకేసేది నోట్లో పెట్టుకుంటాడా!" అని అమ్మ గొడవ. ఎంగిలి చేసిన గొలుసులు ఎట్లా అమ్ముతావని ఇంకో గొడవ. వాటిని చింతపండుతో తోమడం ఎటూ ఉన్నదే కదా అని నాయన.

మన చెవిలోని బుల్లి ఎముకల్లో రెండు ఒకప్పుడు దవడవేనని లెక్చరర్ చెప్పాడు. బల్లి జాతిలో అవి నమలడానికి ఉండేవట. కాలక్రమంలో దవడ వదిలి, చెవిలోకి కాపురానికి పోయాయట. మా నాయన చెవి వదిలి దవడకు తిరిగి వచ్చాడు. పరిణామంలో వెనక్కి నడిచిన కంసాలి ఇంకొకడుంటాడనుకోను. ఈ మాట ఆయనతో అనాలని ఎంత ఉండిందో. అది చిన్న గొంతుతో అనాల్సిన మాట. అరిస్తే అందులో ఏమీ మిగలదు. ఒకసారి అరిచి చూశాను కూడా. ఎదురింటి వక్కాకు అంగడివాడు నవ్వాడు.

బంగారుపాళ్యం నుంచి మళ్ళీ ఫిర్యాదు రాలేదు. కుక్కలు నిద్రపోతున్నాయనే అనుకోవాలి. అచ్చు కాలేజీలో గాజుసీసాలో ఉంది. దాని మీద 'మేక, కుడి చెవి' అని చీటీ అంటించారు. పోసినవాడి సంగతి చీటీలో పట్టలేదు.

చదువయ్యాక నాకు మదరాసులో పని దొరికింది. బయలుదేరిన రోజు నాయన చిత్తూరు స్టేషనుకు వచ్చాడు. కాట్పాడి బండి. పెట్టె పైన పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆయన ప్లాట్‌ఫారం మీద, కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. బండి కూత వేసింది. ఆవిరి బుసకొట్టింది. చక్రాలు కదిలాయి. అప్పుడు నాయన, మా బోగీలో నా ఎదుట కూర్చున్న లావుపాటి మనిషి వైపు ఒకసారి ఓరగా చూసి, నా వైపు వంగి, తన పాత చిన్న గొంతుతో ఏదో అన్నాడు.

పెదవులు కదిలాయి. ఇంజను మోతలో ఒక్క ముక్క వినపడలేదు.

నేను పెద్దగా నవ్వాను. ఆయన మాట పూర్తి చేశాడో లేదో కూడా తెలియదు. ఆయన భుజాలు కదిలాయి. చాలా రోజుల తరువాత కదిలాయి. ఊచ వదిలేసి, అట్లాగే నవ్వుతూ నిలబడ్డాడు. ప్లాట్‌ఫారం అయిపోయింది.

ఇక్కడ ట్రాముల మోతలో, నా గదిలో, అప్పుడప్పుడూ ఆ మాట ఏమై ఉంటుందా అని నాలో నేనే మాటలు కడుతూ ఉంటాను. ఆ లావుపాటి మనిషి గురించే అయి ఉండాలి. పది రకాలుగా కట్టాను. కొన్ని బాగానే వచ్చాయి, కానీ అవన్నీ నావే, ఆయనవి కావు. ఉత్తరం రాసి అడగచ్చు. ఆయన జవాబు రాస్తాడు, రాత బాగుంటుంది. కానీ అడిగితే నేను నవ్విందెందుకో ఆయనకు తెలిసిపోతుంది. అందుకని ప్రతి ఉత్తరంలోనూ బాగోగులు రాసి, పోస్టులో వేసి వస్తున్నాను.